తెలుపు మీద తెలుపు

లాండ్రీలో ఆయన్ని అందరూ మరకలాయన అంటారు. ఉతికేవాళ్లు వేరు, ఇస్త్రీ చేసేవాళ్లు వేరు. వెనకగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద సీసాలు, మెత్తటి బ్రష్షులు, పాత గుడ్డపేలికలు, వాటి ముందు ఆయన. సిరా, తుప్పు, నూనె, రక్తం, పసిపిల్ల కక్కిన పాలు, ముసలాయన ఒలకబోసుకున్న మందు, ఎవరి బతుకు ఎక్కడ చిందినా చివరికి ఆ బల్ల మీదికే వస్తుంది. ఆయన బట్టని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కిటికీ వెలుతురుకి ఏటవాలుగా వంచి, ఒక కన్ను మూసి చూస్తాడు. మరక ఎక్కడ పుట్టిందో, ఎంత లోతుకి దిగిందో కనిపెడతాడు. ఆ తర్వాత ఒక్కో చుక్క వేసుకుంటూ, పక్క దారానికి నొప్పి తెలియకుండా దాన్ని బయటికి పిలుస్తాడు. మరక పోయిందంటే పని అయిపోయినట్టే. పోయిన మరక కోసం మళ్లీ వెతకాల్సిన అవసరం ఆయనకి ఎన్నడూ రాలేదు.

మరకలకి తప్ప లోకంలో మిగతా అన్నిటికీ భయపడే మనిషి. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. లిఫ్టు ఒక్క క్షణం ఆలస్యంగా తెరుచుకుంటే గోడ పట్టుకుంటాడు. ఎవరైనా "నీతో ఒక మాట" అన్నారంటే, ఆ మాటేమిటో వినేలోపే ముచ్చెమటలు పోస్తాయి. "వీడు పుట్టగానే ఏడవలేదు, ఏడిస్తే ఎవరేమంటారోనని" అని వాళ్లక్క ఇప్పటికీ నవ్వుతుంది.

అమ్మా నాన్నా వెంటవెంటనే పోయినప్పుడు ఆయనకింకా బూట్ల లేసు కట్టుకోవడం రాదు. అక్కకి అప్పుడే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం దొరికింది. చెవులకి తొడుగు పెట్టుకుని, ఈ గొంతుని ఆ గొంతుతో కలుపుతూ, ఆ తీగల మధ్యనే ఆమె వయసు గడిచిపోయింది. తమ్ముణ్ణి పెంచడమే సరిపోయింది, పెళ్లి మాట ఎత్తడానికి తీరిక లేకపోయింది. ఆయనకి తీరిక ఉంది కానీ ధైర్యం లేకపోయింది. అలా ఇద్దరూ ఒక పాత భవనం పై అంతస్తులో, రెండు గదుల్లో మిగిలిపోయారు. మనుషుల చేత్తో లైను కలిపే పని పోయి యంత్రాలు వచ్చాక అక్క ఇంటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలోనే ముందుగదిలో చేపల తొట్టి పెట్టించింది.

"బతుకంతా మాటలు వింటూనే ఉన్నాను. ఇక నోరు విప్పనివాళ్లని చూస్తూ కూర్చుంటా" అంది.

తొట్టిలో ముందు వచ్చింది ఒక ఎర్రటి గోల్డ్‌ఫిష్. ఇప్పుడది అక్క అరచేయంత అయింది. నిదానంగా, ఎవరి మీదా కోపం లేని పెద్దమనిషిలా తిరుగుతుంది. దాన్ని ఇద్దరూ పెద్దావిడ అంటారు. తర్వాత వచ్చిన రెండు చిన్నవి కవలలు. పొద్దున్నే అక్క గాజు మీద వేలు పెడితే పెద్దావిడ వచ్చి ఆ వేలి దగ్గర ఆగేది. రెండు నోళ్లూ కాసేపు కదిలేవి, ఒకటి గాజుకి ఇవతల, ఒకటి అవతల. ఏం మాట్లాడుకునేవో ఆయన ఎప్పుడూ అడగలేదు.

అక్క కుడికన్ను చాలాకాలంగా మసక. ఉన్న ఒక్క మంచికన్నులో ఒకరోజు తెర దిగినట్టయింది. కంటి వెనక పొర ఊడిందన్నారు డాక్టర్లు. వేరే ఊళ్లో పెద్దాసుపత్రి, ఆ పక్కనే పిన్ని కూతురి ఇల్లు. ఆపరేషన్ అయింది. పొరని అదిమి ఉంచడానికి కంట్లో ఒక గాలిబుడగ పెట్టారట. ఆ బుడగ వెనక్కి తేలాలంటే మనిషి తల కిందికి వంచుకునే ఉండాలి. పడుకున్నా బోర్లా, కూర్చున్నా నేలచూపు. కన్ను కలతపడకూడదు, ఏడవకూడదు.

వెళ్లేముందు అక్క తొట్టికి మొహం ఆనించి నిలబడింది. "ఎర్రగా ఏదో కదులుతోంది. అంతే కనిపిస్తోందిరా. తిరిగొచ్చాక కట్టు విప్పిన కన్నుతో ముందు దీన్నే చూస్తా. నీ మొహం తర్వాత. నువ్వెలాగూ ఎక్కడికీ పోవు."

ఆ మాటే ఆయన మెడకి చుట్టుకుంది. చేపలకి మేత వేయడం తప్ప ఆయనకేమీ తెలియదు. నీళ్లు మార్చేది అక్క, గొట్టం పెట్టేది అక్క, నీళ్లు వడకట్టే యంత్రం విప్పేది అక్క. చేపలు పోతే ఏం చేయాలి? మేత వేసిన ప్రతిసారీ చేతులు వణికి గింజలు ఎక్కువ పడేవి. అయినా చేపలు బాగానే తిరిగాయి. భయం కాస్త సర్దుకున్నాక, అక్క వచ్చేసరికి ఏదైనా కొత్తగా చూపించాలనిపించింది. ఆయన బతుకులో అడక్కుండా చేసిన పనులు తక్కువ. అది ఒకటి. చేపల షాపుకి వెళ్లి ఒక తెల్లచేపని తెచ్చాడు. మచ్చలేని తెలుపు. సంచి విప్పి నీళ్లతో సహా తొట్టిలో వంపేశాడు. పాలచుక్కలా అది అడుక్కి జారింది. పెద్దావిడ వచ్చి వాసన చూసి వెళ్లింది.

తర్వాత చేపలు అడుగున రాళ్లకేసి పక్కలు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కసారిగా వంగి, మెరిసి, పక్కకి దూకేవి. కొత్తదానితో ఆడుకుంటున్నాయనుకుని ఆయన మురిసిపోయాడు. ఒక ఉదయం పెద్దావిడ తోక మీద ఉప్పురవ్వంత తెల్లటి చుక్క కనిపించింది. పక్కన ఇంకోటి. వీపు మీద ఇంకోటి. గాజు మీద మరకేమోనని గుడ్డతో తుడిచాడు. చుక్కలు చేపతో పాటే నడిచిపోయాయి.

చేపల షాపతను సీసా ఒకటి బల్ల మీద పెట్టాడు. "తెల్లమచ్చల జబ్బండి. మామూలే. ఈ నీలంమందు వేయండి, మచ్చలు పోతాయి."

"పోతాయా?"

"మీలా ఎంతమంది తీసుకెళ్లారు. ఒక్కరూ మళ్లీ వెనక్కి రాలేదు."

వాళ్లెందుకు వెనక్కి రాలేదో ఆలోచించేంత తెలివి అప్పుడు ఆయనకి లేదు. మందు చుక్కలుగా పడేచోట మాత్రం చెయ్యి వణకలేదు. చుక్క వేయడం ఆయన విద్య. నీళ్లలో నీలం పొగలా విచ్చుకుంది, తర్వాత ఎందుకో పలచబడింది. అయినా మచ్చలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. పెద్దావిడ మళ్లీ దీపంలా ఎర్రగా వెలిగింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మందు సీసా మూత బిగించి అటక మీద పెట్టేశాడు. ఆ సంతోషంలో యంత్రంలోని స్పాంజిని కూడా విప్పి, కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండి ఉతికాడు. అక్క వచ్చి మెచ్చుకోవాలి కదా.

సాయంత్రం ఫోనులో అక్క అడిగింది. "ఎలా ఉన్నార్రా నావాళ్లు?"

"బాగున్నారు" అన్నాడు. అప్పటికి అది నిజమే.

అది నిజంగా నిలిచింది కొద్దిరోజులే. లాండ్రీ నుంచి వచ్చి లైటు వేసి తొట్టి వైపు చూశాడు. పెద్దావిడ ఒంటి నిండా ఎవరో గుప్పెడు ఉప్పు చల్లినట్టుంది. మొప్పల మీద, రెక్కల మీద, కంటి పక్కన. కవలల్లో ఒకటి మూలన ఒరిగి, నీటి కదలికకి తప్ప తనకై తాను కదలడం లేదు. గదిలో చప్పుడు లేదు. చేపలు అరవలేవు, మూలగలేవు, పేరు పెట్టి పిలవలేవు. ఆ నిశ్శబ్దమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. ఎంత పెద్ద ఘోరం జరుగుతున్నా ఆ గాజుకి ఇవతల ఇల్లు ఇల్లులాగే ఉంది. గోడగడియారం తిరుగుతోంది. కుర్చీ మీద ఆయన తువ్వాలు ఆరుతోంది.

ఫోను మోగింది. పిన్ని కూతురు ముందే అంది, "అన్నయ్యా, అక్క అడుగుతోంది. ఏదైనా తేడా ఉంటే నాతో చెప్పు, తనతో అనకు. కంట్లో నీళ్లు తిరక్కూడదన్నారు."

"ఏం లేదమ్మా. ఇవ్వు."

"ఎలా ఉన్నార్రా?" నేలకి తగిలి వస్తున్నట్టు అక్క గొంతు బరువుగా ఉంది.

"బాగున్నారు."

"నేను ఇంకా అడగడం పూర్తికాలేదు, నువ్వు జవాబు చెప్పేశావు. నిజం చెప్పడానికి నీకు కాస్త టైము పడుతుంది కదరా. ఏంటి సంగతి?"

"ఏం లేదక్కా. లాండ్రీలో పని ఎక్కువ." ఫోను పెట్టేశాక చూసుకుంటే చెవి చెమటతో తడిసిపోయి ఉంది.

పొద్దున కవలల్లో ఒకటి పోయింది. దాన్ని తీసి గుడ్డలో చుట్టేటప్పుడు అది ఆకంత బరువు కూడా లేదు. పెద్దావిడ నీటి పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతోంది. ఆయన లాండ్రీకి వెళ్లాడు, సీసాల ముందు కూర్చున్నాడు, చేయి ఆడలేదు. కళ్లముందు రెండు నోళ్లు కదులుతున్నాయి. చెప్తే అక్క కన్ను పోతుందేమో. చెప్పకపోతే ఆ కన్ను తెరిచి చూడటానికి పెద్దావిడ ఉండదు. ఎటు చూసినా గొయ్యే. చేపల సంగతి తెలిసిన మనిషి ఆయనకి లోకంలో ఒక్కరే, ఆ ఒక్కరికే చెప్పకూడదు.

ఇస్త్రీ చేసే అతను పెట్టె పక్కన పెట్టి తొంగిచూశాడు. "ఏంటి బావా, సీసా పట్టుకుని అలా కూర్చున్నావు. వేసేదేదో చొక్కాకి వెయ్యి, నువ్వు తాగమాకు."

ఆయన సీసా దించి, మధ్యాహ్నం విరామం కాకముందే ఇంటికి పరుగెత్తాడు. మెట్ల మీద ఆగితే మనసు మారిపోతుందని భయపడి ఆగకుండా ఎక్కి, పిన్ని కూతురికి ఫోను చేశాడు.

"అక్కకి ఇవ్వమ్మా."

"ఏమైందన్నయ్యా? గొంతేంటి అలా ఉంది? నేను ఇవ్వను."

వెనక నుంచి, కిందనుంచి అక్క మాట వినిపించింది. "ఇవ్వవే. పొద్దున్నుంచి వాడి ఫోను కోసమే చూస్తున్నా."

ఫోను చేతులు మారింది. అక్కే మొదలుపెట్టింది. ఒకప్పుడు తెగిపోయిన లైనుని వెతికే పద్ధతిలో, తొందర లేకుండా.

"రాళ్లకేసి ఒళ్లు రుద్దుకున్నాయా?"

"మొదట్లో. ఆడుకుంటున్నాయనుకున్నా."

"మచ్చలు?"

"వచ్చాయి. మందు వేశా. పోయాయి. మళ్లీ వచ్చాయి. చిన్నదొకటి… పోయిందక్కా."

"పెద్దది?"

"పైకొచ్చి గాలి మింగుతోంది."

"మందు ఎప్పుడు ఆపావు?"

"మచ్చలు పోగానే."

"యంత్రంలో బొగ్గు సంచి తీశావా?"

"ఏ బొగ్గు?"

"నల్లగా ఉంటుంది చూడు. నువ్వు వేసిన మందంతా అదే తాగేసింది. సరే. ముందసలు జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? కొత్తదేమైనా తెచ్చావా?"

ఇదే ఆయన దాటలేననుకున్న గడప. "నీకు చూపిద్దామని… తెల్లచేప. ఏ మచ్చా లేదక్కా దాని మీద."

"తెల్లదాని మీద తెల్లమచ్చ నీకు కనపడలేదు. నీకు."

ఆ రెండో "నీకు"లో కోపం లేదు, అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. తెల్లచొక్కా మీద తెల్లటి జిగురు మరక ఎదురుగా చూస్తే దొరకదని, వెలుతురుని పక్కనుంచి పట్టుకుంటేనే దొరుకుతుందని ఆయన ఎంతమందికి చెప్పాడో. తొట్టి ముందు మాత్రం ఆ చూపు వాడలేదు. ఫోను చెవిలోనే పెట్టుకుని టార్చి తెచ్చి గాజు పక్కనుంచి వెలుతురు జార్చాడు. తెల్లచేప ఒంటి మీద చిన్నచిన్న నీడలు లేచి నిలబడ్డాయి. నిండా ఉన్నాయి.

"విను" అంది అక్క. "అది మరక కాదురా, పురుగు. కంటికి ఆనదు. చర్మం కింద దూరి తింటుంది, దాని చుట్టూ చర్మం ఉబ్బితే అది నీకు మచ్చ. బలిశాక దానంతట అదే రాలిపోతుంది. మచ్చ పోయిందని నువ్వు సంబరపడ్డావే, అప్పుడది అడుగున రాళ్లలో గూడు కట్టుకుని వందలుగా చీలుతోంది. ఆ పిల్లలు చేపని వెతుక్కుంటూ ఈదుకొస్తాయి. చర్మం కింద ఉన్నదాన్ని మందు అంటదు. గూట్లో ఉన్నదాన్నీ అంటదు. మందుకి దొరికేది ఆ ఈదే కాసేపే."

"అయితే మచ్చలు లేనప్పుడు…"

"మచ్చలు లేనప్పుడే వేయాలి."

ఇన్నేళ్లుగా ఆయన బతుకు నిలబడింది కంటికి కనిపించకుండా పోవడమంటే పోవడమేనన్న నమ్మకం మీద. అది కాళ్లకింది చాపలా జారిపోయింది.

అక్క చెప్పుకుంటూ పోయింది, ఆయన చేసుకుంటూ పోయాడు. బొగ్గు తీసేశాడు. అడుగున రాళ్లలోకి గొట్టం గుచ్చి పురుగు గూళ్లున్న మురికిని లాగాడు. బకెట్లో నిలవుంచిన నీళ్లని తొట్టి నీళ్లంత వెచ్చగా చేసి నిదానంగా పోశాడు. వేడి చేసే కడ్డీని కొంచెం కొంచెంగా పెంచాడు. వెచ్చగా ఉంటే పురుగు బతుకు గబగబా నడుస్తుంది, గబగబా బయటపడుతుంది అంది అక్క. కానీ వెచ్చటి నీళ్లలో గాలి తక్కువ, అందుకని బుడగల గొట్టం రెండోది పెట్టాడు. స్పాంజిని కుళాయి కింద ఉతికానని చెప్పినప్పుడు మాత్రం అక్క "అయ్యో నా తండ్రీ" అంది. నీళ్లని శుభ్రం చేసే మంచి సూక్ష్మజీవులు కాపురం ఉండేది అందులోనేనట, కుళాయి నీళ్లలో కలిపే మందుకి అవి చచ్చిపోతాయట. కడిగితే తొట్టిలోంచి తీసిన నీళ్లతోనే కడగాలట. అటక మీంచి నీలంమందు దింపి మళ్లీ చుక్కలుగా వేసి, వెలుతురుకి దాని బలం తగ్గకుండా తొట్టి మీద పాత దుప్పటి కప్పాడు.

"అక్కా, ఏడుస్తున్నావా?"

"బోర్లా పడుకుని ఏడిస్తే నేల తడుస్తుంది. ఇక్కడ తుడిచేది చెల్లెలు, తిడుతుంది. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. నాకు కన్ను లేదు, నీకు తెలివి లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం."

ఆ తర్వాత రోజులన్నీ ఒకే భయానికి వేర్వేరు రంగులు. పొద్దున దుప్పటి అంచు ఎత్తేముందు ఆయన చేయి గాల్లో ఆగిపోయేది. ఎత్తితే ఏది ఒరిగి కనిపిస్తుందో. తెల్లచేప అలాగే ఒక ఉదయం కనిపించింది, పాలచుక్క విరిగినట్టు. తెచ్చింది తనే, తీసిందీ తనే. పెద్దావిడ ఇంకా గాలి మింగుతూనే ఉంది. మధ్యాహ్నం పరుగున వచ్చి చూసేవాడు, సాయంత్రం చూసేవాడు, ఫోనులో తను చూసినదంతా చెప్పేవాడు. మొప్పలు ఎలా ఆడుతున్నాయి, రెక్క ఎంత విచ్చుకుంది, మేత వైపు తల తిప్పిందా. అబద్ధం చెప్పకపోవడం కూడా భయంగానే ఉండేది, కానీ ఆ భయంలో ఊపిరి ఆడేది.

మచ్చలు మళ్లీ రాలడం మొదలైంది. పెద్దావిడ ఒళ్లు ఎర్రగా తేలింది. ఆయన భయం రెట్టింపైంది.

"ఏం బావా, మచ్చలు పోయాయా?" అన్నాడు ఇస్త్రీ అతను.

"పోయాయి."

"మరి మొహం అలా వేలాడేశావేం?"

"పోయాయి కాబట్టే."

ఇస్త్రీ అతను పెట్టె దించి, ఈయన నుదుటి మీద చేయి వేసి చూశాడు. "వేడి లేదే" అన్నాడు.

ఆ రోజే ఒక తెల్లచొక్కా మీద సిరా మరక తీసి, మడిచి, పక్కన పెట్టి, మళ్లీ విప్పి చూశాడు. మడిచాడు. మళ్లీ విప్పాడు. కనిపించనిది ఎక్కడో దారాల అడుగున గూడు కట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది. ఇంటికెళ్లి శుభ్రంగా ఉన్న రాళ్లలోకి గొట్టం గుచ్చాడు. శుభ్రంగా ఉన్న నీళ్లు తీసి శుభ్రమైన నీళ్లు పోశాడు. ఏమీ లేనిదాని మీద చుక్కలుగా మందు వేశాడు. శత్రువు కనిపించినప్పుడు కొట్టడం కన్నా, కనిపించనప్పుడు చేయి దించకపోవడం కష్టమని ఆయనకి తెలిసొచ్చింది. ఆ కష్టానికి ధైర్యం అక్కర్లేదు. భయం చాలు. భయం ఆయన దగ్గర కావలసినంత ఉంది.

అక్క వచ్చేసింది. చెల్లెలు తలుపు దాకా చేయి పట్టుకుని తీసుకొచ్చింది. కంటికి కట్టు లేదు. చూపు అడుగున ఇంకా చిన్న బుడగ కదులుతోందట, రోజురోజుకీ తగ్గుతోందట. వచ్చీరాగానే దుప్పటి కప్పిన తొట్టి ముందు కూర్చుంది.

"తియ్యరా."

ఆయన కదల్లేదు. ఇన్నిరోజులూ చూసింది తన కన్ను. అది ఒకసారి మోసపోయిన కన్ను. ఇప్పుడు కొత్త కన్ను చూస్తుంది. ఏ రెక్క కిందో, ఏ మొప్ప అంచునో ఒక్క రవ్వ మిగిలి ఉంటే?

"ఇవాళ కాదులే అక్కా. ప్రయాణం చేసొచ్చావు."

"భయమా?"

"ఊ."

"నాకూ భయమే. తియ్యి."

దుప్పటి జారింది. పలచటి నీలం నీళ్లలో పెద్దావిడ, వెనక మిగిలిన కవల. అక్క గాజు దగ్గరికి వంగింది. వేలు పెట్టలేదు. ఆయన టార్చి పట్టుకుని పక్కనుంచి వెలుతురు జార్చాడు. పెద్దావిడ నిదానంగా పక్కకి తిరిగి ఒళ్లంతా చూపించింది. తోక చివర చిరిగి దారాలు వేలాడుతున్నాయి. వీపు మీద ఒకచోట పొలుసు లేచిపోయింది. ఎరుపు వెనకటి ఎరుపు కాదు.

"ముసలిదైపోయింది" అంది అక్క. "నాకు తెలియనేలేదు. ఇంత అందంగా ముసలిదైందని."

"మచ్చలు?" అన్నాడాయన.

"కనిపించట్లేదు."

"పోయినట్టేనా?"

"కనిపించట్లేదన్నానురా. పోయాయని అనలేదు."

అప్పటికే ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, నిలవనీళ్ల బకెట్టు కోసం లోపలికి నడుస్తున్నాడు.